ఫిల్టర్ పేపర్‌ని మాడ్చి అందులో పుట్టిన ఫ్రీ రాడికల్స్‌ని లెక్కపెట్టడం ఎలా

ఫ్రీ రాడికల్ అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు అనీ, పుట్టిన మరుక్షణమే దేనితోనో చర్య జరిపి మాయమైపోతుందనీ డిగ్రీలో చదువుకున్నాం. చాలావరకు నిజమే. కానీ ఒక ఫిల్టర్ పేపర్‌ని గాలి తగలకుండా 500 డిగ్రీల దాకా వేడి చేసి చల్లార్చి చూడండి, మిగిలిన నల్లటి పొడిలో గ్రాముకి 10¹⁹ స్థాయిలో జత లేని ఎలక్ట్రాన్లు ఉంటాయి, అవి రేపూ ఉంటాయి, వచ్చే ఏడాదీ ఉంటాయి. సింగరేణి బొగ్గులో కూడా ఇలాంటివే ఉన్నాయి. ఆ బొగ్గు వయసు 25 కోట్ల ఏళ్లకు పైమాటే, అదీ ఒకప్పుడు చెట్లలోని సెల్యులోజ్, లిగ్నిన్ అనే పాలిమర్లే.

ఇది కొత్త సంగతి కాదు. శాంపిల్‌ని అయస్కాంత క్షేత్రంలో (ఫీల్డ్‌లో) ఉంచి అది మైక్రోవేవ్‌ని ఎక్కడ పీల్చుకుంటుందో చూసి జత లేని ఎలక్ట్రాన్లని పట్టుకునే ఈపీఆర్ (ఎలక్ట్రాన్ పారామాగ్నెటిక్ రెజొనెన్స్) పద్ధతిని (ఈఎస్ఆర్ అన్నా అదే) 1944లో కజాన్‌లో జవోయిస్కీ కనిపెట్టారు. పదేళ్లకి, 1954లో, ఇంగ్లండ్‌లో ఇంగ్రామ్ బృందం, ఫ్రాన్స్‌లో యూబర్స్‌ఫెల్డ్ బృందం బొగ్గుల్లో, మాడిన సేంద్రియ పదార్థాల్లో ఈ సిగ్నల్‌ని చూపించాయి. 1955లో బెల్ ల్యాబ్స్‌లో విన్‌స్లో, బేకర్, యేజర్ పాలిమర్లనే తీసుకుని వేడి చేసి వాటిలో పుట్టిన జత లేని ఎలక్ట్రాన్ల గురించి రాశారు.

మీరు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో చేయి తిరగడానికో ఇలాంటి పని ఎత్తుకున్నారనుకుని రాస్తున్నాను. ముందే ఒక మాట. ఈ పనిలో సిగ్నల్ చూడటం చాలా తేలిక, మిషన్‌లో పెట్టగానే పెద్ద గీత వచ్చేస్తుంది, ఆ ఆనందంలో చాలామంది అక్కడే ఆగిపోతారు. కష్టమంతా ఆ గీతలోంచి నమ్మదగిన సంఖ్య తీయడంలో ఉంది. ఆ సంఖ్య మీ పాలిమర్ ఏమిటన్నదాని మీద ఎంత ఆధారపడుతుందో, మీరు దాన్ని ఎంత వేడిలో, ఎంతసేపు, ఏ వాయువులో ఉంచారు, కొలిచేటప్పుడు ట్యూబులో ఆక్సిజన్ ఉందా లేదా అన్నవాటి మీదా అంతే ఆధారపడుతుంది. ఈ నాలుగూ నోట్‌బుక్‌లో లేకపోతే ఎంత అందమైన స్పెక్ట్రమ్ తీసినా దాన్ని ఇంకొకరు దేనితోనూ పోల్చలేరు.

మొదటి పని: ఏ పాలిమర్ తీసుకోవాలి

అన్ని పాలిమర్లూ పనికిరావు. పాలిథీన్, పాలీప్రొపిలీన్, అక్రిలిక్ షీటుగా దొరికే పీఎమ్ఎమ్ఏ, వీటిని వేడి చేస్తే గొలుసులు తెగి రాడికల్స్ పుడతాయి గానీ, అప్పటికే అంతా కరిగి ద్రవంగా ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి వెతుక్కుని జతకట్టేస్తాయి. పీఎమ్ఎమ్ఏ అయితే గొలుసు చివర నుంచి విప్పుకుంటూ పోయి దాదాపు మొత్తం మోనోమర్ ఆవిరిగా వెళ్లిపోతుంది, శాంపిల్ పెట్టిన పడవలో (ఫర్నేస్‌లో పెట్టే చిన్న తొట్టిలో) ఏమీ మిగలదు. మీకు కావలసింది వేడికి ఆవిరైపోకుండా నల్లటి ఘనపదార్థంగా మిగిలేవి, ల్యాబులో మనం చార్ అని పిలిచేది ఇచ్చేవి: సెల్యులోజ్, లిగ్నిన్, ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెజిన్ (మన పాత బేకలైట్), పాలీఅక్రిలోనైట్రైల్, పీవీసీ, పాలీఇమైడ్.

ఎందుకని అంటే, ఈ పదార్థాలు వేడెక్కే కొద్దీ నీరు, కార్బన్ మోనాక్సైడ్, చిన్న చిన్న ముక్కలు వదిలేసుకుని మిగిలిన కార్బన్‌తో బెంజీన్ వలయాలు అల్లుకుంటాయి. ఆ వలయాలు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద పలకలవుతాయి. ఒక బంధం తెగి మిగిలిన ఎలక్ట్రాన్ అలాంటి పలకకి చేరితే అది ఒక్క కార్బన్ మీద కూర్చోదు, పలకంతా పరుచుకుంటుంది, కాబట్టి ఏ ఒక్క చోటా చర్యకి అంత తహతహ ఉండదు. పైగా ఆ పలక గట్టి ఘనపదార్థంలో ఇరుక్కుని ఉంది, కదిలి వెళ్లి ఇంకో రాడికల్‌ని కలుసుకునే వీల్లేదు. ఈ రెండు కారణాలూ కలిస్తేనే స్థిరత్వం. 1900లో మిషిగన్‌లో గోంబెర్గ్ చూపించిన ట్రైఫినైల్‌మిథైల్, అంటే మొట్టమొదటి స్థిరమైన ఫ్రీ రాడికల్, అది కూడా ఎలక్ట్రాన్‌ని మూడు బెంజీన్ వలయాల మీదికి పంచుకోబట్టే బతికింది.

మొదటిసారి చేసేవాళ్లు సెల్యులోజ్‌తోనే మొదలుపెట్టండి, అందులోనూ యాష్‌లెస్ ఫిల్టర్ పేపర్‌తో. వాట్‌మన్ 40, 42 నంబర్లు చాలా ల్యాబుల్లో ఉంటాయి. దూది, న్యూస్‌పేపర్ వద్దు, వాటిలోని ఇనుము, మాంగనీస్ మీ స్పెక్ట్రమ్‌లో దూరి తలనొప్పి తెస్తాయి. పీవీసీ వేడి చేస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఫర్నేస్ లోపలి లోహాన్నంతా తినేస్తుంది. పాలీఅక్రిలోనైట్రైల్ శాస్త్రపరంగా ఎంతో ఆసక్తికరమైనది, కార్బన్ ఫైబర్‌కి ముడిపదార్థం అదే, 200 నుంచి 300 డిగ్రీల మధ్య పసుపు, గోధుమ, నలుపు రంగులకి మారుతూ నిచ్చెనలాంటి వలయాలు కడుతుంది. కానీ అది హైడ్రోజన్ సయనైడ్ వదులుతుంది, ఒక్కసారిగా వేడి కూడా పుట్టిస్తుంది. వచ్చే వాయువుని పట్టి నిర్వీర్యం చేసే ఏర్పాటు, పక్కన అనుభవం ఉన్న సీనియర్ లేకుండా దాని జోలికి వెళ్లకండి. టెఫ్లాన్ అసలే వద్దు.

రెండో పని: వేడి చేయడం

ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే సంఖ్యలు తేడా కొట్టేది చాలావరకు ఇక్కడే.

మొదట భద్రత. పాలిమర్‌ని క్వార్ట్జ్ ట్యూబులో పెట్టి, సీల్ చేసి, ఆ తర్వాత వేడి చేయడం ఎప్పుడూ చేయకండి. రెండు గ్రాముల కాగితం వదిలే వాయువులకి మూసిన ట్యూబు బాంబులా పేలుతుంది. వేడి చేసేది ఎప్పుడూ తెరిచిన ప్రవాహంలో, సీల్ చేసేది చల్లారిన తర్వాత. ఫర్నేస్ నుంచి బయటికి వచ్చే గొట్టం ఫ్యూమ్ హుడ్‌లోకి వెళ్లాలి, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

పేపర్‌ని చిన్న ముక్కలుగా కత్తిరించి 105 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి, ఒక్కో బ్యాచ్‌కి రెండు గ్రాములు తూకం వేయండి. అల్యూమినా పడవలో పెట్టి ట్యూబ్ ఫర్నేస్‌లోకి జరపండి. తర్వాత నైట్రోజన్ లేదా ఆర్గాన్ పంపాలి, ఇక్కడే చాలామంది తొందరపడతారు. లెక్క వేసుకోండి: ఐదు సెంటీమీటర్ల వ్యాసం, మీటరు పొడవు ఉన్న ట్యూబు లోపల దాదాపు రెండు లీటర్ల గాలి ఉంటుంది. నిమిషానికి 200 మిల్లీలీటర్ల వేగంతో వాయువు పంపితే ఒక ట్యూబు ఘనపరిమాణం మారడానికే పది నిమిషాలు. కనీసం ఐదు సార్లు మారాలనుకుంటే 50 నిమిషాలు ఆగాల్సిందే. ఐదు నిమిషాలు పంపించి స్విచ్ వేసేస్తే మీరు చేస్తున్నది సగం మాడ్చడం, సగం కాల్చడం.

ఫర్నేస్ డిస్‌ప్లే మీద కనిపించే ఉష్ణోగ్రతని నమ్మకండి. అది గోడ దగ్గరి థర్మోకపుల్ చెప్పేది, మీ పేపర్ ఉన్నది మధ్యలో. ఇంకో థర్మోకపుల్‌ని పడవ పక్కన పెట్టి ఆ సంఖ్య రాసుకోండి. తేడా ఎంత ఉందో ఒకసారి చూశారంటే ఇక ఎప్పుడూ అది లేకుండా పని చేయరు.

నిమిషానికి ఐదు డిగ్రీల చొప్పున పెంచుతూ కావలసిన ఉష్ణోగ్రతకి తీసుకెళ్లి అరగంట ఉంచండి. ఉష్ణోగ్రతలు 300, 350, 400, 450, 500, 550, 600, 700 తీసుకుంటే గ్రాఫ్ బాగా వస్తుంది. ప్రతి ఉష్ణోగ్రతకీ కొత్త పేపర్ వాడాలి. ఒకే చార్‌ని మళ్లీ మళ్లీ పైకి తీసుకెళ్తూ మధ్యలో తీసి కొలిస్తే టైమ్ ఆదా అవుతుందనిపిస్తుంది, కానీ మధ్యలో గాలి తగిలిన చార్ తన ఉపరితలం మీద ఆక్సిజన్ పట్టుకుంటుంది, తర్వాతి వేడిలో అది వేరే దారి తొక్కుతుంది. సెల్యులోజ్ 300 నుంచి 380 మధ్య బరువులో చాలా భాగం పోగొట్టుకుంటుంది కాబట్టి ఆ ప్రాంతంలో పది డిగ్రీల తేడా కూడా ఫలితం మార్చేస్తుంది, వీలైతే అక్కడ ఇంకో రెండు పాయింట్లు ఎక్కువ తీయండి.

అరగంట అయ్యాక వాయువు ఆపకుండా 50 డిగ్రీల లోపు వచ్చేదాకా చల్లారనివ్వండి. వేడిగా ఉన్న తాజా చార్‌కి గాలి తగిలితే అంటుకోవచ్చు. తీశాక వెంటనే తూకం వేయండి, మొదటి బరువులో ఎంత మిగిలిందో రాసుకోండి. 500 డిగ్రీలకి ఐదో వంతో అంతకంటే తక్కువో మిగులుతుంది. ఈ సంఖ్య తర్వాత అవసరమవుతుంది, గ్రాము చార్‌కి ఎన్ని స్పిన్లు (జత లేని ఎలక్ట్రాన్లని ఇకపై ఇలాగే అంటాను) అన్నది వేరు, మొదట తీసుకున్న గ్రాము కాగితం నుంచి ఎన్ని స్పిన్లు పుట్టాయి అన్నది వేరు, రెండూ చెప్పగలగాలి.

మూడో పని: నూరడం, నింపడం, గాలి తీసేయడం

అగేట్ రోలులో నూరండి. స్టీల్ స్పాట్యులాతో గీకకండి, కంటికి కనిపించనంత ఇనుప రజను పడినా స్పెక్ట్రమ్ అడుగున కొండలాంటి వెడల్పైన సిగ్నల్ వస్తుంది, బేస్‌లైన్ వంకరపోతుంది. ప్లాస్టిక్ స్పాట్యులా చాలు. మాస్కు వేసుకోండి. మాడిన పదార్థాల సన్నటి పొడిలో, మసిలో ఉండే స్థిరమైన రాడికల్స్ ఊపిరితిత్తులకి ఏం చేస్తాయన్నది ఇప్పుడు ఒక పెద్ద పరిశోధనా రంగం, లూసియానాలో బారీ డెల్లింజర్ బృందం దాని మీద చాలా పని చేసింది. మీరు ఏరికోరి తయారు చేసుకున్న పొడి సరిగ్గా అదే రకం.

ట్యూబులు మంచి సింథటిక్ క్వార్ట్జ్‌వి, నాలుగు మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం ఉన్నవి వాడండి. మామూలు ల్యాబ్ గాజులో ఇనుము ఉంటుంది, జీ విలువ (గీత ఎక్కడ వచ్చిందో చెప్పే సంఖ్య, సూత్రం కింద ఇస్తాను) 4.3 దగ్గర దాని సిగ్నల్ వస్తుంది. ఖాళీ ట్యూబుని కూడా ఒకసారి రికార్డ్ చేసి దాచుకోండి.

మూడు మిల్లీగ్రాముల చార్‌ని పొటాషియం క్లోరైడ్ పొడితో కలిపి పలచన చేయండి. చార్‌ని నేరుగా నింపితే రెండు సమస్యలు. సిగ్నల్ మరీ పెద్దదై మిషన్ తట్టుకోలేకపోవడం ఒకటి. రెండోది ముఖ్యం: 600 దాటిన చార్ విద్యుత్తుని ప్రసరిస్తుంది, అది మైక్రోవేవ్ శక్తిని పీల్చేసి క్యావిటీ (మిషన్‌లో ట్యూబుని దించే లోహపు గది) నాణ్యతని పడగొడుతుంది, అప్పుడు సిగ్నల్ చిన్నదై, రాడికల్స్ తగ్గిపోయాయని మీరు తప్పుగా అనుకుంటారు. అన్ని ట్యూబుల్లోనూ పొడి ఎత్తు ఒకటే ఉండాలి, నాలుగైదు మిల్లీమీటర్లు, ఆ భాగం సరిగ్గా క్యావిటీ మధ్యలోకి రావాలి. ట్యూబు మీద పెన్నుతో గుర్తు పెట్టుకుంటే ప్రతిసారీ అదే లోతుకి దించవచ్చు.

ఇక ఆక్సిజన్. గాలిలోని ఆక్సిజన్ అణువుకి రెండు జత లేని ఎలక్ట్రాన్లు ఉన్నాయి. అది చార్ సందుల్లోకి దూరి మీ రాడికల్స్ పక్కన చేరితే గీత వెడల్పైపోతుంది. 350 డిగ్రీల చార్‌లో ఈ ప్రభావం పెద్దగా కనపడదు. 550, 600 డిగ్రీల చార్‌లో మాత్రం గాలిలో ఉన్నప్పుడు గీత వెడల్పై, పొట్టిదై, దాదాపు లేనట్టే ఉండొచ్చు, అదే ట్యూబుని వాక్యూమ్ పంపుకి కలిపి గాలి తీసేస్తే సన్నగా, నిటారుగా లేచి నిలబడుతుంది. మళ్లీ గాలి వదిలితే మళ్లీ పడిపోతుంది. ఈ ఒక్క ప్రయోగం మీ కళ్లతో చూడండి, దీని తర్వాత ఈ రంగంలో పేపర్లు చదివేటప్పుడు మొదట వెతికేది గాలి తీశారా లేదా అన్న వాక్యమే అవుతుంది. ఈ స్వభావాన్నే వాడుకుని శరీర కణజాలంలో ఆక్సిజన్ ఎంత ఉందో కొలిచేవాళ్లూ ఉన్నారు, అందుకు ఇండియా ఇంక్‌లోని కార్బన్ రేణువులు, కొన్ని రకాల బొగ్గులు వాడతారు.

కాబట్టి ప్రతి ట్యూబునీ 100 డిగ్రీల దగ్గర కాస్త వెచ్చగా ఉంచి కొన్ని గంటలు పంపు చేసి, వాక్యూమ్‌లోనే సీల్ చేయండి, లేదా మంచి స్టాప్‌కాక్ వాడండి. పంపు తెరిచేటప్పుడు నెమ్మదిగా, లేదంటే పొడి ఎగిరి పంపు లైన్‌లోకి పోతుంది. ట్యూబు మెడలో కొంచెం గాజు ఉన్ని పెడితే టెన్షన్ ఉండదు.

నాలుగో పని: స్పెక్ట్రమ్ తీయడం

మిషన్ మీద చేయి కుదరడానికి ముందుగా ఒక చిటికెడు ఫిల్టర్ కాఫీ పొడి పెట్టి చూడండి. గింజలు వేయించినప్పుడు పుట్టిన స్థిరమైన రాడికల్స్ అందులో ఉంటాయి, జీ విలువ 2.004 దగ్గర స్పష్టమైన గీత వస్తుంది, పక్కన ఇనుము, మాంగనీస్ సిగ్నల్స్ ఎలా ఉంటాయో కూడా తెలుస్తుంది. విలువైన శాంపిల్ పాడుకాకుండా ట్యూనింగ్ నేర్చుకోవచ్చు.

ఎక్స్-బ్యాండ్ మిషన్ 9.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల పనిచేస్తుంది, అక్కడ మీ గీత 339 మిల్లీటెస్లా దగ్గర వస్తుంది. మొదట వెడల్పుగా, 0 నుంచి 600 దాకా ఒకసారి తీసి ఇంకేమైనా ఉన్నాయేమో చూసుకోండి. తర్వాత మధ్య భాగానికి రండి.

రెండు నాబ్‌లు మిమ్మల్ని మోసం చేస్తాయి. ఒకటి మైక్రోవేవ్ పవర్. గాలి తీసిన చార్‌లో గీత చాలా తొందరగా శాచురేట్ అవుతుంది, అంటే పవర్ పెంచినా సిగ్నల్ ఆ మేరకు పెరగదు. పరీక్ష సులువు: అటెన్యుయేషన్‌ని ఆరు డెసిబెల్స్ పెంచితే పవర్ నాలుగో వంతు అవుతుంది, సిగ్నల్ ఎత్తు సగానికి రావాలి. సగం కంటే ఎక్కువ మిగిలిందంటే మీరు శాచురేషన్‌లో ఉన్నారు, ఇంకా దించండి. సరిగ్గా సగమయ్యే చోటు దొరికాక అంతకంటే కింద ఎక్కడైనా కొలవవచ్చు. ప్రతి శాంపిల్‌కీ ఈ పరీక్ష విడిగా చేయాలి, 350 చార్‌కి పనికొచ్చిన పవర్ 600 చార్‌కి ఎక్కువైపోవచ్చు.

రెండోది మాడ్యులేషన్, అంటే కొలిచేటప్పుడు మిషన్ ఫీల్డ్‌ని కొద్దిగా అటూ ఇటూ ఊపే మేర. గీత వెడల్పులో ఐదో వంతు దాటనివ్వకండి. తక్కువ ఉష్ణోగ్రత చార్ల గీతలు అర మిల్లీటెస్లా పైన వెడల్పు ఉంటాయి కాబట్టి 0.1 సరిపోతుంది, గాలి తీసిన 600 చార్ గీత ఎంతో సన్నం, అదే 0.1 పెడితే గీత ఆకారం మీ మాడ్యులేషన్ ఆకారమైపోతుంది. సగానికి తగ్గించి చూడండి, వెడల్పు మారకపోతే సరే.

జీ విలువకి సూత్రం ఇది: జీ = 71.4477 × ఫ్రీక్వెన్సీ గిగాహెర్ట్జ్‌లో ÷ ఫీల్డ్ మిల్లీటెస్లాలో. ఉదాహరణకి 9.4500 గిగాహెర్ట్జ్ దగ్గర గీత మధ్య బిందువు 337.10 మిల్లీటెస్లాలో వస్తే జీ విలువ 2.0029. ఫీల్డ్ రీడింగ్‌లో 0.1 మిల్లీటెస్లా తప్పు జరిగితే జీ విలువ 0.0006 మారిపోతుంది, మీరు వెతుకుతున్న తేడాలే అంత చిన్నవి. అందుకని ప్రతి రోజూ డీపీపీహెచ్ అనే స్థిరమైన రాడికల్ పొడి (జీ విలువ 2.0036) పెట్టి ఫీల్డ్‌ని సరిచూసుకోండి. మిషన్‌తో వచ్చే పిచ్ స్టాండర్డ్ ఉంటే అదీ వాడవచ్చు, దాని జీ విలువ 2.0028. ఆ పిచ్ అంటే పొటాషియం క్లోరైడ్‌లో కలిపిన తారు లాంటి కార్బన్ పదార్థమే, అంటే ఈపీఆర్ మిషన్లని సరిచూసే స్టాండర్డ్ కూడా వేడికి పుట్టిన స్థిరమైన రాడికల్సే. ఈ రాడికల్స్ ఎంత నమ్మకంగా నిలబడతాయో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి రుజువు తెలియదు.

ఐదో పని: లెక్క

గీత కింద వైశాల్యం స్పిన్ల సంఖ్యకి అనుపాతంలో ఉంటుంది. మిషన్ ఇచ్చేది డెరివేటివ్ కాబట్టి రెండుసార్లు ఇంటిగ్రేట్ చేయాలి. ఎత్తుల్ని పోల్చి ఊరుకోవద్దు, ఎందుకంటే ఉష్ణోగ్రతతో పాటు గీత వెడల్పు కూడా మారుతోంది, వైశాల్యం అలాగే ఉండి ఎత్తు మాత్రం ఎన్నో రెట్లు మారవచ్చు.

ఫీల్డ్ స్వీప్ ఎంత వెడల్పుగా తీశారన్నది ఇక్కడ పట్టుకుంటుంది. మీ గీత లోరెన్జియన్ ఆకారంలో ఉంటే దాని తోకలు చాలా దూరం సాగుతాయి. గీత వెడల్పుకి పది రెట్లు స్వీప్ తీసినా కనీసం 11 శాతం వైశాల్యం బయటే ఉండిపోతుంది, 50 రెట్లు తీస్తే రెండు శాతం. కాబట్టి లెక్క కోసం తీసే స్పెక్ట్రమ్ వేరుగా, వెడల్పుగా తీయండి, బేస్‌లైన్ సరిచేశాకే ఇంటిగ్రేట్ చేయండి, మొదటి ఇంటిగ్రల్ రెండు చివర్లా సున్నాకి రాకపోతే రెండో ఇంటిగ్రల్‌కి అర్థం లేదు.

స్టాండర్డ్‌గా డీపీపీహెచ్ వాడితే: అణుభారం 394.3, అణువుకి ఒక స్పిన్, కాబట్టి ఒక మిల్లీగ్రాములో 1.53 × 10¹⁸ స్పిన్లు. పది మిల్లీగ్రాముల డీపీపీహెచ్‌ని 990 మిల్లీగ్రాముల పొటాషియం క్లోరైడ్‌తో ఓపిగ్గా నూరి, అందులోంచి పది మిల్లీగ్రాములు ట్యూబులో పోస్తే 1.53 × 10¹⁷ స్పిన్లు ఉన్నట్టు. ఇప్పుడు మూడు మిల్లీగ్రాముల చార్ ఉన్న ట్యూబు వైశాల్యం ఈ స్టాండర్డ్‌లో 0.4 వంతు వచ్చిందనుకుందాం. అంటే 6.1 × 10¹⁶ స్పిన్లు, గ్రాముకి 2 × 10¹⁹. రెండు కొలతలకీ పవర్, మాడ్యులేషన్, గెయిన్ వేరైతే వైశాల్యాన్ని మాడ్యులేషన్‌తో, గెయిన్‌తో, పవర్ వర్గమూలంతో భాగించడం మర్చిపోకండి. డీపీపీహెచ్ పాత సీసాలో చెడిపోయి ఉండొచ్చు, యూవీ-విజిబుల్ మిషన్‌లో 517 నానోమీటర్ల దగ్గర ఒకసారి సరిచూసుకుంటే మంచిది.

వచ్చిన సంఖ్యకి అర్థం ఉందా అని ఇలా చూసుకోండి. గ్రాము కార్బన్‌లో 5 × 10²² పరమాణువులు ఉంటాయి. గ్రాముకి 10¹⁹ స్పిన్లు అంటే 5000 కార్బన్లకి ఒక రాడికల్, 10²⁰ అంటే 500కి ఒకటి. మీకు 10²² వచ్చిందంటే ఐదు కార్బన్లకి ఒకటి ఉందని అర్థం, అలా ఉండే అవకాశం లేదు, ఎక్కడో సున్నాలు తప్పాయి, వెనక్కి వెళ్లండి.

ఆరో పని: గ్రాఫ్‌ని చదవడం

ఉష్ణోగ్రతని అడ్డంగా, స్పిన్లని నిలువుగా పెట్టి గీస్తే ఒక కొండ కనిపించాలి. 300 దగ్గర కొద్దిగా మొదలై, పెరుగుతూ వెళ్లి, 500 నుంచి 600 మధ్యలో శిఖరానికి చేరి, 700కి బాగా పడిపోతుంది. పైకి ఎక్కే భాగంలో బంధాలు తెగుతూ, వలయాలు కడుతూ కొత్త రాడికల్స్ చిక్కుకుంటున్నాయి. జీ విలువ ఆ పక్కనే ఇంకో కథ చెబుతుంది: తక్కువ ఉష్ణోగ్రతల్లో 2.004 దగ్గర, అంటే ఎలక్ట్రాన్ ఆక్సిజన్ పక్కన కొంత సమయం గడుపుతోందని, తర్వాత ఆక్సిజన్ వాయువులుగా వెళ్లిపోయే కొద్దీ 2.003 కిందికి, స్వేచ్ఛా ఎలక్ట్రాన్ విలువ 2.0023 వైపు జరుగుతుంది.

దిగే భాగం దగ్గర జాగ్రత్త. రాడికల్స్ చచ్చిపోయాయని ఒక్క వాక్యంలో రాసేయకండి. పలకలు పెద్దవై ఒకదానికొకటి తగలడం మొదలుపెట్టాక కొన్ని రాడికల్స్ జతకట్టి పోతాయి, ఇంకొన్ని చోట్ల ఎలక్ట్రాన్లు ఒక చోట ఇరుక్కుని ఉండటం మానేసి గ్రాఫైట్‌లో లాగా తిరుగుతుంటాయి. ఏది ఎంతో చూడాలంటే ద్రవ నైట్రోజన్‌లో, 77 కెల్విన్ దగ్గర మళ్లీ కొలవండి. ఒక చోట ఇరుక్కున్న స్పిన్లైతే గది ఉష్ణోగ్రతతో పోలిస్తే వైశాల్యం 3.8 రెట్లు పెరగాలి, క్యూరీ నియమం అదే. తిరిగే ఎలక్ట్రాన్ల వాటా ఎక్కువయ్యే కొద్దీ ఆ పెరుగుదల తగ్గుతుంది. 77లో శాచురేషన్ ఇంకా తొందరగా వస్తుంది, పవర్ మళ్లీ దించి ఆరు డెసిబెల్స్ పరీక్ష మళ్లీ చేయండి.

మీ కాలేజీలో ఈపీఆర్ లేకపోతే

చాలా చోట్ల ఉండదు. ఐఐటీ మద్రాస్, ఐఐటీ బాంబేల్లోని సైఫ్ (అందరికీ అందుబాటులో ఉండే పరికరాల) కేంద్రాలు ఫీజు తీసుకుని బయటివాళ్ల శాంపిల్స్ కొలిచి పెడతాయి, దేశంలోని పరిశోధనా పరికరాల జాబితా ఉండే ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతికితే మీకు దగ్గర్లో ఇంకెక్కడ మిషన్ ఉందో తెలుస్తుంది. శాంపిల్ పంపించడమే కాదు, ఎలా కొలవాలో కూడా మీరే రాసివ్వాలి: పవర్ ఎంత, మాడ్యులేషన్ ఎంత, స్వీప్ ఎంత, ఆరు డెసిబెల్స్ పరీక్ష చేయమని. రాయకపోతే రోజూ వాడే సెట్టింగ్స్‌తో తీసి ఒక బొమ్మ పంపిస్తారు, అందులోంచి లెక్క రాదు. బొమ్మ కాకుండా డేటా ఫైల్ ఇవ్వమని అడగండి. ట్యూబులు వాక్యూమ్‌లో సీల్ చేసి పంపండి, స్టాండర్డ్ ట్యూబు కూడా మీదే, అదే క్వార్ట్జ్‌తో, అదే ఎత్తులో నింపి పంపండి, రెండూ ఒకే రోజు కొలవాలని స్పష్టంగా రాయండి. ట్యూబు మీద పేపర్ లేబుల్ క్యావిటీలోకి వెళ్లకూడదు, పై చివరన అతికించండి.

ఈ కొండ గ్రాఫ్‌తో ఇంకో పని చేయొచ్చు, నాకు ఈ విషయం మీద ఇష్టం పెరిగిందే దాని వల్ల. చార్ తను చూసిన గరిష్ఠ వేడిని గుర్తు పెట్టుకుంటుంది. 1983లో బ్రిటన్ పరిశోధకులు పురావస్తు తవ్వకాల్లో దొరికిన మాడిన ధాన్యపు గింజలు అప్పట్లో ఎంత వేడికి గురయ్యాయో ఈ పద్ధతితోనే అంచనా వేశారు. 1984లో ఇంగ్లండ్‌లో పీట్ నేలలో (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన చిత్తడి నేలలో) దొరికిన లిండో మనిషి అనే పురాతన శవం కడుపులోని చివరి భోజనాన్ని కూడా ఇలాగే పరీక్షించి అది పెనం మీద కాల్చిన రొట్టెలాంటిదని తేల్చారు.

మీరూ చేయవచ్చు. ఎంత వేడి చూసిందో తెలియని మాడిన ముక్క ఒకటి తీసుకోండి. కొద్దిగా పక్కన పెట్టి, మిగతాదాన్ని భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని నైట్రోజన్‌లో ఒక్కో ఉష్ణోగ్రతకి, 200 నుంచి 50 డిగ్రీల మెట్లతో పైకి, అరగంట చొప్పున మళ్లీ వేడి చేయండి. అన్నింటినీ గాలి తీసి కొలవండి. అది ఇంతకుముందే చూసిన వేడి దాకా జీ విలువ, గీత వెడల్పు, స్పిన్ల సంఖ్య పెద్దగా మారవు. అది దాటిన మొదటి మెట్టులో మారడం మొదలవుతాయి. ఆ మెట్టుకీ దాని కింది మెట్టుకీ మధ్య పది డిగ్రీల తేడాతో మళ్లీ చేస్తే జవాబు ఇంకా దగ్గరికి వస్తుంది. ఒక్క షరతు: చాలాసేపు తక్కువ వేడిలో ఉన్నదీ, కాసేపు ఎక్కువ వేడిలో ఉన్నదీ కొంతవరకు ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి అదే రకం కొత్త పదార్థాన్ని రెండు మూడు వేర్వేరు సమయాలతో మాడ్చి పక్కన పెట్టి పోల్చుకోండి, ఫలితాన్ని ఒక్క సంఖ్యగా కాకుండా ఇంత నుంచి ఇంత వరకు అని రాయండి.